పేపర్లో పడితే చాలా?

ఈమధ్య మా గచ్చిబౌలిలో ఏ అపార్ట్‌మెంటు లిఫ్టు ఎక్కినా అద్దం పక్కన ఓ కరపత్రం కనిపిస్తోంది. ఇదివరకైతే ట్యూషన్ మాస్టార్లవీ, వంటమనుషులవీ, మంచినీళ్ల డబ్బాల వాళ్లవీ నంబర్లుండేవి. ఇప్పుడేమో ‘మీ వ్యాపారానికి పేరు తెస్తాం... పది పత్రికల్లో వార్త గ్యారంటీ!’ అంటూ నంబర్లు! నవ్వుకుని ఊరుకుందామంటే కుదరడం లేదు. మా చుట్టుపక్కల ఆ నంబర్లకి ఫోన్లు చేస్తున్నవాళ్లు చాలామటుకు ఆడవాళ్లే మరి.

ఎందుకు చేయరూ? 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఇటువైపంతా రాళ్లూ, తుప్పలూనూ. ఇప్పుడు చూస్తే ఏ బస్తీలో ఏ టవరుందో మా ఆటో అబ్బాయిలకే గుర్తుండటం లేదు. ఆ టవర్లలో పనిచేసే జంటలకి వండుకునే తీరిక లేదు, పిల్లల్ని చూసే మనిషి లేదు. ఆ లోటులోంచే ఇక్కడి ఆడవాళ్ల వ్యాపారాలు పుట్టుకొచ్చాయి. కర్రీ పాయింట్లు, పచ్చళ్లు, ప్లేస్కూళ్లు, బ్లౌజులు కుట్టే బొటిక్‌లు, నెలకింతని తీసుకుని పెద్దవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చే సేవలు... ఒకటని కాదు. పెట్టుబడి ఎక్కడిదనుకున్నారు? బంగారం తాకట్టు పెట్టినవాళ్లున్నారు, చీటీ పాడుకున్నవాళ్లున్నారు, మానేసిన ఉద్యోగం తాలూకు పి.ఎఫ్. డబ్బు తీసి పెట్టినవాళ్లున్నారు. అలాంటి డబ్బులోంచి పబ్లిసిటీకని తీసి ఇచ్చేటప్పుడు ఎవరి చేతిలో పెడుతున్నామో తెలియాలి కదా!

మా బ్లాకులోనే ఒకావిడ చిరుధాన్యాలతో చిరుతిళ్లు చేసి అమ్ముతుంది. జొన్న జంతికలు, కొర్ర చేగోడీలు, రాగి సున్నుండలు. ఆవిడ చేతి రుచి గురించి చెప్పాలంటే వేరే వ్యాసం రాయాలి. ఓ రోజు సాయంత్రం వచ్చి, “అక్కా, నువ్వు కథలు రాస్తావుగా, నీకు పేపర్ల సంగతి తెలుస్తుందిగా... వీళ్లు అడిగిన నలభై వేలు ఎక్కువంటావా?” అని అడిగింది. తీరా చూస్తే అప్పటికే కట్టేసింది! రెండు నెలల తర్వాత ఆవిడకి వచ్చినవేమిటంటే, ఫోన్లో ఇరవై లింకులు. ఒక్కదాని పేరూ నేనుగానీ, మా ఆయనగానీ, ఆఖరికి మా కాలేజీ అమ్మాయిగానీ ఎప్పుడూ విన్నవి కావు. ఇరవైలోనూ ఒకే వార్త, అక్షరం పొల్లుపోకుండా. అందులో ఆవిడ ఇంటిపేరు తప్పు! జంతికల ప్యాకెట్టు ఒక్కటి అదనంగా అమ్ముడుపోయింది లేదు.

ఆవిడ తెలివితక్కువదేం కాదు సుమా! ఎమ్మెస్సీ చదివింది. రాగులు కొనడానికి వెళితే గుప్పిట్లో పోసుకుని, వాసన చూసి, రాళ్లెన్నున్నాయో చెప్పేస్తుంది. డాక్టరు దగ్గరికెళితే బోర్డు మీద డిగ్రీలు చదువుతాం. పెళ్లి సంబంధానికైతే ఏడు తరాలు వాకబు చేస్తాం. మరి పబ్లిసిటీ చేసిపెడతానని వచ్చిన మనిషిని దేంతో తూచాలి? అక్కడే మనకి తూనికరాయి లేదనిపిస్తుంది. నిజానికి ఉంది. ఆ పని చేసేవాళ్లకి కూడా సంఘాలున్నాయి, నియమాలున్నాయి, సభ్యుల పట్టికలున్నాయి. అవి ఉన్నాయన్న సంగతే మనదాకా రావడం లేదు. ఊళ్లో అందరికీ పబ్లిసిటీ చేసిపెట్టేవాళ్ల సంఘాలకి పబ్లిసిటీ లేకపోవడం విచిత్రం కాదూ!

పోస్టరు మీది పీఆర్వో, కలెక్టరేట్లో డీపీఆర్వో

మన తెలుగువాళ్లకి పీఆర్వో అన్నమాట కొత్తేం కాదు. సినిమా పోస్టరు మీద అడుగున చిన్న అక్షరాల్లో కనిపించే పేరది. కృష్ణ గారి దగ్గర్నుంచి ఎందరో నటులకి పీఆర్వోగా పనిచేసి, ‘సూపర్‌హిట్’ పత్రిక నడిపిన బి.ఎ. రాజు 2021లో కన్నుమూసినప్పుడు పరిశ్రమ మొత్తం కదిలింది. ఇక జిల్లాల్లో ఉన్నవాళ్లకి డీపీఆర్వో తెలుసు. కలెక్టరు గారి పర్యటనైనా, టీకాల కార్యక్రమమైనా విలేకరులకి కబురందేది ఆ ఆఫీసు నుంచే. పౌరసంబంధాలు అన్నమాట మన నోట నానిందే ఆ ప్రభుత్వ శాఖ పేరు వల్ల.

వ్యాపారానికి పబ్లిసిటీ మనిషి చేసేది కూడా దాదాపు ఇదే. మీ దగ్గర నలుగురికీ పనికొచ్చే విషయం ఏముందో వెతికి, దాన్ని సరిగ్గా రాసి, దానితో పనిబడే విలేకరికి అందజేయడం. మీ మీద ఏదైనా విమర్శ వస్తే దాక్కోకుండా జవాబు చెప్పించడం. అంతేగానీ పేపర్లో చోటు కొనిపెట్టడం కాదు. డబ్బు పెట్టి కొన్న చోటుని ప్రకటన అంటారు. అది తప్పు కాదు, దాని పద్ధతి దానిది, దాని రేటు దానిది. విషయం ఉందని విలేకరి నమ్మి రాసినదే వార్త. ‘పది పేపర్లలో వార్త గ్యారంటీ’ అన్న మాటలోనే పప్పులో కాలుంది చూడండి. విలేకరి ఏం రాస్తాడో ముందే గ్యారంటీ ఇవ్వగలిగితే, రాసేది విలేకరి కాదన్నమాట!

ఈ తేడా ఇవాళ్టిది కాదు. అమెరికాలో 1906లో, బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తున్న ఐవీ లీ అనే ఆయన పత్రికల వాళ్లకి ఓ ప్రకటన పంపాడు. మేం చేసేది చాటుమాటు వ్యవహారం కాదు, మేం ఎవరి తరఫున మాట్లాడుతున్నామో దాచం, మేం పంపింది ప్రకటనల విభాగానికి పోవాల్సిన సరుకని మీకనిపిస్తే వేయకండి అని అందులోని సారాంశం. నూరేళ్లు దాటింది. మన లిఫ్టులో కరపత్రం ఇంకా అక్కడిదాకా రాలేదు.

మనవైపు ఈ గీత చెరిగిపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2009 ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం వేశారన్న ఆరోపణలు గుప్పుమన్నాయి. రాష్ట్రంలోని జర్నలిస్టుల సంఘమే దాన్ని బయటికి లాగింది. ప్రెస్ కౌన్సిల్ విచారణకి వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు సంపాదకుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. 2010లో వాళ్లు నివేదిక ఇచ్చారు. పేర్లతో సహా ఉన్న పూర్తి నివేదిక మాత్రం కేంద్ర సమాచార కమిషన్ చెప్పాక 2011లో గానీ వెలుగు చూడలేదు. ‘పెయిడ్ న్యూస్’ అన్నమాట అప్పట్నుంచే మనకి పరిచయం. పెద్ద పెద్ద నాయకుల వ్యవహారమని మనం అనుకుంటాంగానీ, నలభై వేల ప్యాకేజీ కూడా అదే గుడ్డలోంచి చింపిన ముక్క.

మనుషుల సంఘం ఒకటి, కంపెనీల సంఘం ఒకటి

మన దేశంలో ఈ వృత్తిలో ఉన్నవాళ్ల సంఘం పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా. పొట్టిగా పి.ఆర్.ఎస్.ఐ. 1958లో బొంబాయిలో మొదలైంది, మొదటి అధ్యక్షుడు కాళీ హెచ్. మోదీ. 1966లో రిజిస్టరైంది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన మొదటి అఖిల భారత సమావేశంలో అంతర్జాతీయ నీతి నియమావళిని తమకీ వర్తింపజేసుకుంది. అందుకే 1986 నుంచి ఆ తేదీని జాతీయ పౌరసంబంధాల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఊరూరా శాఖలున్నాయి, మన హైదరాబాదు శాఖ కూడా పాతదే, చురుకైనదే. సమాచార శాఖలో పనిచేసి, పి.ఆర్.ఎస్.ఐ. జాతీయ అధ్యక్షుడిగా కూడా ఉన్న డాక్టర్ సి.వి. నరసింహారెడ్డి హైదరాబాదు నుంచే ‘పబ్లిక్ రిలేషన్స్ వాయిస్’ అనే పత్రిక నడిపారు. ఈ వృత్తి నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ ఆయన పుస్తకాలు చదువుతారు.

రెండోది పబ్లిక్ రిలేషన్స్ కన్సల్టెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. 2001లో పుట్టింది. ఇందులో సభ్యులు మనుషులు కాదు, కంపెనీలు. డాక్టర్ల సంఘానికీ, ఆస్పత్రుల సంఘానికీ ఉన్న తేడా లాంటిదే ఇదీ. మీకు కావలసింది ఓ మంచి డాక్టరైతే ఆస్పత్రుల సంఘానికి ఫోన్ చేసి లాభం లేదు కదా!

ఈ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఆవరణలో 2015 నవంబర్లో టీ-హబ్ మొదలైంది కదా, అందులోంచి ఎదిగి, దేశమంతా అమ్మకాలున్న కంపెనీ అనుకోండి. వాళ్లకి ఢిల్లీలోనూ, బొంబాయిలోనూ, బెంగుళూరులోనూ ఒకేసారి మాట్లాడే మనుషులు కావాలి. వాళ్లు కంపెనీల సంఘం పట్టిక తీసి చూసుకోవడమే సబబు. మా జంతికలావిడకి కావలసింది అది కాదు. ఆవిడకి కొనేవాళ్లంతా కొండాపూర్, మణికొండ, నానక్‌రామ్‌గూడ దాటి లేరు. ఆ పెద్ద కన్సల్టెన్సీ వాళ్లకి ఆవిడ ఇచ్చే ఫీజు కాఫీ ఖర్చులకి కూడా చాలదు. ఆవిడకి కావలసింది తెలుగులో చక్కగా రాయగలిగి, స్థానిక విలేకరులు తెలిసి, సొంతంగా పనిచేసుకునే ఒక్క మనిషి. అలాంటివాళ్లు దొరికేది మొదటి సంఘంలో.

ఇక్కడో మాట. ఈ వృత్తిలో ఆడవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. 1992లో జెనెసిస్ అనే సంస్థని మొదలుపెట్టి దేశంలోని పెద్ద పీఆర్ కంపెనీల్లో ఒకటిగా నిలబెట్టింది ప్రేమా సాగర్. అమెరికాలోని సంఘం 1947లో పుడితే, దానికి మొదటి మహిళా అధ్యక్షురాలు బెట్సీ ప్లాంక్ 1973లో వచ్చింది. ఆ మధ్యనున్న ఇరవై ఆరేళ్లూ ఏం చేశారో మనకి వేరే చెప్పనక్కర్లేదు!

సంఘం ఏం చేసిపెడుతుంది?

ఫోన్ చేయగానే ‘ఫలానా ఆవిడ మీకు సరిపోతుంది’ అని చెప్పే పెళ్లిళ్ల పేరయ్య అనుకోకండి. పరాయి దేశాల్లో కొన్ని సంఘాలు అలాంటి పని కూడా చేస్తాయి. మీ వ్యాపారమేమిటి, ఎంత ఖర్చు పెట్టగలరు, ఏ ఊరు అని అడిగి, నాలుగైదు పేర్లు చూపిస్తాయి. అమెరికా వాళ్లయితే 1960ల నుంచి పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకి గుర్తింపు కూడా ఇస్తున్నారు. మనవైపు సంఘం వల్ల కలిగే ఉపయోగం ఇంకాస్త ముతకగా ఉంటుంది. కానీ వాడుకోవడం తెలిస్తే తక్కువదేం కాదు.

మొట్టమొదట, అక్కడ మనుషులు కళ్లకి కనిపిస్తారు. ఏప్రిల్ 21 వస్తుంది, సభ పెడతారు, ఎవరో మాట్లాడతారు, ఎవరో వింటారు. వెళ్లి వెనక కుర్చీలో కూర్చోండి. ఎవరు అర్థమయ్యేలా మాట్లాడుతున్నారు, ఎవరు ఇంగ్లీషు ముక్కలతో ఊదరగొడుతున్నారు, అరగంటలో తెలిసిపోతుంది. సభ అయ్యాక టీ దగ్గర ‘నాది చిన్న వ్యాపారమండీ, మీలో ఎవరైనా చిన్న పనులు ఒప్పుకుంటారా?’ అని అడగండి. పెద్ద కంపెనీల్లో పీఆర్ అధికారులుగా పనిచేసి రిటైరైనవాళ్లు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో జర్నలిజం చదివి సొంతంగా పనిచేసుకుంటున్న అమ్మాయిలు ఇలాంటి చోటే తారసపడతారు. పరువున్న మనిషి తనకి కుదరకపోతే, కుదిరే ఇంకొకరి పేరు చెబుతారు. సంఘంలో ఉన్నవాళ్లకి ఒకరి పనితీరు ఒకరికి తెలుసు. లిఫ్టులో కరపత్రం అతికించినవాడి గురించి లిఫ్టుకి తప్ప ఎవరికి తెలుసు?

అంతకన్నా ముఖ్యం, నియమావళి. నేను ఈ వ్యాసం కోసం వాటిని కూర్చుని చదివాను. పెద్ద పెద్ద మాటలుంటాయి, నిజమే. కానీ కొన్ని వాక్యాలు మన ఇంటి లెక్కల పుస్తకంలో రాసుకోదగ్గవి. అంతర్జాతీయ సంఘం 1961లో వెనిస్‌లో ఒక నియమావళి చేసుకుంది, 1965లో ఏథెన్స్‌లో ఇంకొకటి. 2011లో వాటన్నిటినీ కలిపి ఒకటి చేశారు. వెనిస్‌ నియమావళిలో ఏముందంటే, ఫలానా ఫలితం తెస్తాను, దాన్నిబట్టి డబ్బివ్వండి అని సభ్యుడు బేరం పెట్టకూడదు. పోటీలో ఉన్న ఇద్దరికీ వాళ్ల అనుమతి లేకుండా ఒకేసారి పనిచేయకూడదు. ఇప్పటి ఖాతాదారుదేగాదు, పాత ఖాతాదారు రహస్యం కూడా బయటపెట్టకూడదు. పత్రికల నిజాయితీని చెడగొట్టే పని చేయకూడదు.

ఇవి వాళ్లు తమ కోసం రాసుకున్నవే కావచ్చు, మనకి మాత్రం ప్రశ్నాపత్రంలా పనికొస్తాయి. ఎదురుగా కూర్చున్న మనిషిని నేరుగా అడగండి. “వార్త గ్యారంటీ అంటున్నారు, ఎలా వేయిస్తారు?” “ఈ పక్క వీధి స్వీట్ల షాపు వాళ్లకి కూడా మీరే చేస్తున్నారా?” “ఇదివరకు ఎవరికి చేశారు, వాళ్లతో నేను మాట్లాడొచ్చా?” “మీరు ఏ సంఘంలో సభ్యులు?” మొదటి ప్రశ్నకి ‘అదంతా మాకు వదిలేయండి మేడమ్’ అన్నాడంటే, మజ్జిగిచ్చి మర్యాదగా పంపించేయండి. మంచి మనిషైతే ‘వార్త వస్తుందని చెప్పలేనండీ, వచ్చేలా విషయం తయారుచేస్తాను’ అంటారు. వినడానికి అది కాస్త నిరుత్సాహంగానే ఉంటుంది. డబ్బివ్వాల్సింది మాత్రం అలా అన్న మనిషికే.

ఇంకోటి, కటింగుల ఫైలు. నెల తిరిగేసరికి నిగనిగలాడే ఫైలొకటి తెచ్చి, ‘మీకు ఇన్ని సెంటీమీటర్ల వార్త వచ్చింది, అదే ప్రకటనైతే ఇన్ని లక్షలయ్యేది’ అని లెక్క చూపిస్తారు. ఎంత లాభం వచ్చిందోనని మనం మురిసిపోతాం. ఈ కొలత పద్ధతి పనికిరాదని, ప్రచారం ఫలితాన్ని కొలిచే నిపుణుల అంతర్జాతీయ సంఘం 2010లో బార్సిలోనాలో సమావేశమై తేల్చి చెప్పింది. ప్రకటన రేటుతో వార్త విలువ కట్టకూడదు, చదివినవాళ్లలో ఏం మార్పొచ్చిందో చూడాలి అని. మన భాషలో చెప్పాలంటే, ఎన్ని సెంటీమీటర్లు కాదు, ఎంతమంది ఫోన్ చేశారు, ఎంతమంది రెండోసారి కొన్నారు. ఆర్డరిచ్చిన ప్రతివాళ్లనీ ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని అడిగి పుస్తకంలో రాసుకుంటే చాలు, ఆ ఫైలు బరువెంతో మనకే తెలుస్తుంది.

మరి సభ్యుడే తప్పు చేస్తే? సంఘం కోర్టు కాదు. కానీ వెలివేయగలదు. 2017లో బ్రిటన్‌లో అదే జరిగింది. బెల్ పాటింజర్ అని లండన్‌లో పేరుమోసిన పీఆర్ కంపెనీ. దక్షిణాఫ్రికాలో గుప్తా సోదరులకి సంబంధించిన వ్యాపార సంస్థ తరఫున, జాతుల మధ్య చిచ్చు పెట్టే ప్రచారం నడిపిందని అక్కడి ప్రతిపక్షం ఫిర్యాదు చేసింది. సంఘం విచారించి సెప్టెంబరు మొదటి వారంలో ఆ కంపెనీని అయిదేళ్లపాటు బహిష్కరించింది. ఖాతాదారులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ నెల సగం కాకముందే కంపెనీ చేతులెత్తేసింది! సంఘం తల్చుకుంటే ఎంత పని చేయగలదో అందులో తెలుస్తుంది.

మనదగ్గర అంత పదునున్న సంఘాలా ఇవి? నా మటుకు నాకు ఆ నమ్మకం ఇంకా కలగలేదు. మన దేశంలో డాక్టరుకీ, లాయరుకీ ఉన్నట్టు పబ్లిసిటీ మనిషికి లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, ఏ సంఘంలోనూ చేరకుండానే బతికేయొచ్చు. కాబట్టి సభ్యత్వం ఉంది కదాని కళ్లు మూసుకోవడానికి లేదు, లేదు కదాని తీసిపారేయడానికీ లేదు. చిన్న ఊళ్లలో ఏ సంఘంలోనూ లేని పాత విలేకరులు కొందరు ఎంతో నిజాయితీగా ఈ పని చేసిపెడుతున్నారు.

ఖమ్మంలో మా వదినకి ఫోన్ చేసి ఈ విషయాలన్నీ చెబుతుంటే, “బాగానే ఉందిగానీ, హైదరాబాదులో మీకు సభలూ, సంఘాలూ ఉంటాయి. ఇక్కడ నా టైలరింగ్ సెంటరుకి ఎవరొస్తారే?” అంది. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాదు శాఖ వాళ్లు చదివితే బాగుండునని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. జిల్లాలవారీగా, చిన్న పనులు ఒప్పుకునేవాళ్ల పేర్లు, వాళ్లు చేసే పని, ఎంత నుంచి ఎంతదాకా ఫీజు తీసుకుంటారో తెలుగులో ఒక్క పేజీ వేసి మహిళా వ్యాపారుల సంఘాలకి పంపితే ఎంత మేలు! 1993 నుంచి ‘ఎలీప్’ ఉంది, గాజులరామారంలో ఆడవాళ్ల కోసమే పారిశ్రామికవాడ కట్టిన సంఘం. 2018 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వీ-హబ్ ఉంది. సరుకు తయారీ, అప్పు, లైసెన్సు ఇవన్నీ నేర్పేచోట, ‘పబ్లిసిటీ మనిషిని ఎలా ఎంచుకోవాలి’ అని ఒక పూట పీఆర్ సంఘం వాళ్లొచ్చి పాఠం చెబితే వాళ్లకేం పోతుంది? వాళ్లకే నలుగురు కొత్త ఖాతాదారులు దొరుకుతారు.

అవార్డులు, బొమ్మలు, మాటలు

ఈమధ్య ప్యాకేజీల్లో అవార్డు కూడా కలుస్తోంది. ‘ఉత్తమ మహిళా వ్యాపారవేత్త’... హోటల్లో సభ, శాలువా, మొమెంటో, దానికో రేటు. ఫొటో బాగానే ఉంటుంది. కానీ అవార్డు సంగతి మన హైదరాబాదు వాళ్లకి ఒకరు చెప్పాలా? కార్పొరేట్ పాలన అద్భుతంగా ఉందంటూ 2008లో సత్యం కంప్యూటర్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. అవార్డు వెనక్కి తీసుకున్నారు. దాన్ని ఎవరో కొన్నారని కాదు నేననేది. ఇచ్చినవాళ్లకి కూడా లోపలి లెక్కలు తెలియవు, అంతే. ఆ లేఖ వచ్చిన రోజున మా వీధుల్లో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ చెబుతారు.

ఇక బొమ్మలు. 2025 ఏప్రిల్లో కంచ గచ్చిబౌలిలో నాలుగొందల ఎకరాల గొడవ జరిగినప్పుడు, విద్యార్థులు ఒకవైపు, ప్రభుత్వం ఒకవైపు, చెట్ల నరికివేత ఆపమని సుప్రీంకోర్టు. వీటి మధ్య కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు కొన్ని ఫోన్లలో తిరిగాయి. భూమి సంగతిలో ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. కానీ అప్పట్నుంచి మా అపార్ట్‌మెంటు గ్రూపులో నిజం ఫొటో పెట్టినా ‘ఇది ఏఐ కాదు కదా?’ అని అడుగుతున్నారు. మీ వంటగది ఫొటో బదులు తళతళలాడే కంప్యూటరు వంటగది పెడదామని పబ్లిసిటీ మనిషి అంటే, ఒప్పుకోకండి. నమ్మకం ఒక్కసారి పోతే మీ అసలు వంటగది చూపించినా నమ్మరు.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. ‘షుగరు తగ్గించే సున్నుండలు’, ‘పదిహేను రోజుల్లో తెల్లబడే సున్నిపిండి’ అని వాళ్లు రాసేస్తారు, మనం ఊఁ కొడతాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. నోటీసు వచ్చేది సరుకు అమ్మే మీ పేరుకే. డబ్బో, ఉచిత సరుకో తీసుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో పొగిడే అమ్మాయిలు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో మార్గదర్శకాలిచ్చాయి. మీ పబ్లిసిటీ మనిషికి ఈ రెండూ తెలుసో లేదో అడిగి చూడండి. అదీ ఒక పరీక్షే.

మనిషి దొరికి, బేరం కుదిరిందనుకోండి. ముందు మీ అవసరం ఒక కాగితం మీద మీరే రాసివ్వండి. ఎవరికి తెలియాలి, ఏం తెలియాలి, ఎన్నాళ్లలో, మీ దగ్గరున్నదెంత. అంతకు మించి వద్దు. నెలవారీ ఫీజుని వాళ్ల భాషలో రిటైనర్ అంటారు. ఏడాది మొత్తానికి ఒకేసారి కట్టమంటే వద్దనండి, మూడు నెలలకి రాసుకోండి. మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, ప్రెస్ నోట్ ఎవరికైనా పంపేముందు మీరు చదివి సంతకం పెట్టాలో అక్కర్లేదో, ప్రయాణాలూ ఫొటోలూ ఫీజులోనే కలిసున్నాయో విడిగానో అన్నీ రాతలో ఉండాలి. మీ వ్యాపారం తాలూకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు మాత్రం మీ ఫోన్ నంబరు మీదే తెరిపించండి. పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉండిపోయి, మనిషిని మార్చాక సొంత దుకాణం పేరునే మళ్లీ కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చిన బొటిక్‌ ఆవిడ ఒకరు మా వీధి చివరే ఉన్నారు.